కొత్త కారుకి నుదురెక్కడ

జూలై 8, మంగళవారం

ఈయన రాయచూరు నుంచి వచ్చారు, చేతిలో కారు బొమ్మల పుస్తకం. కాళ్ళు కూడా కడుక్కోకుండా సోఫాలో కూర్చుని "చూడు" అన్నారు. చూశాను. మన కారేనట, కొత్త మోడల్. పేరు అదే. ఇంకేదీ అది కాదు.

ముందు భాగమంతా నల్ల జాలీ. దీపాలు సన్నగా, గీత గీసినట్టు... వెనక ఈ చివర నుంచి ఆ చివరికి ఒకటే ఎర్ర పట్టీ. పైకప్పు వెనక్కి పోయేకొద్దీ జారుడుగా దిగిపోయింది. ఆ జారుడులోనే అందమంతా ఉందని షోరూంలో చెప్పారట.

బుక్ చేసే వచ్చారు. "ఆషాఢంలోనా?" అంది అత్తయ్య. "బుకింగ్‌కి ఆషాఢం లేదమ్మా, డెలివరీ శ్రావణంలోనే." పాతది ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేయాలట. ఆ ముక్క మాత్రం నా వైపు చూడకుండా చెప్పారు. దాన్ని ఎక్కువగా నడిపేది నేను.

జూలై 9

మధ్యాహ్నం పాతదాని ముందు పీట వేసుకుని కూర్చున్నాను, ఒళ్ళో బొమ్మల పుస్తకం. ఒక్క పోలికైనా దొరుకుతుందేమోనని. గుండ్రటి కళ్ళు, చిన్న నోరు, పిలిస్తే పలికేలా ఉండే ముఖం. కొత్తదాంట్లో అదేం లేదు. పక్క అద్దాలు మాత్రం కాస్త అలాగే ఉన్నాయి.

అసలు ఇవి ఎవరు కూర్చుని మారుస్తారు? ఈ ముఖం పాతబడింది, ఇక చాలు అని వాళ్ళకి ఎవరు చెప్తారు? మమ్మల్నెవరూ అడగలేదు. అడిగితే ఇంకో పదేళ్ళు ఉండనివ్వండి అనేదాన్ని.

జూలై 10, గురువారం

అత్తయ్యని పోతనాళ తీసుకెళ్ళాను, వాళ్ళ అక్కగారింటికి. ప్రతి గురువారం ఇదే. మామయ్య పోయాక అత్తయ్య గడప దాటేది ఈ ఒక్క పనికే. ఆ మోకాళ్ళతో బస్సు ఎక్కలేదు. పెద్దమ్మ మంచం దిగలేదు. ఇద్దరూ ఒకే మంచం మీద కూర్చుని, పెళ్ళయిన కొత్తలో గోదావరి జిల్లా నుంచి ఈ కాలవ కింద భూములకి వచ్చిన కబుర్లు మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడతారు. వారమంతా ఇంట్లో నాతో మాట్లాడేది దాంట్లో సగం కూడా ఉండదు.

ఫోన్లో ఫొటో చూపించాను. "ముందరంతా నోరేనేంటే" అంది పెద్దమ్మ, కళ్ళజోడు సవరించుకుంటూ. అత్తయ్యేమో, "కళ్ళు సరిగ్గా విప్పలేదే. నిద్రలో లేపినట్టుంది." ఇద్దరూ కాసేపు దాని మీద పడ్డారు. నాకు భలే సరదా వేసింది.

జూలై 14

ఇక అందరినీ అడగడం మొదలుపెట్టాను. పొద్దున నారుమడి పనికి వచ్చిన ఎల్లమ్మకి చూపిస్తే, "ఇదు నగతైతె నోడక్కా" అంది. నవ్వుతోందట కారు. తనూ నవ్వింది.

సాయంత్రం మోటారు బాగుచేయడానికి నర్సప్ప వచ్చాడు. రాయచూరు పాత తెలుగువాళ్ళు వాళ్ళు. ఫోను చేతిలోకి తీసుకుని దగ్గరగా, దూరంగా పెట్టి చూశాడు. "ఏందక్కా, గిట్ల కండ్లు సన్నగ జేసిండ్రు? గుస్సాల ఉన్నట్టుంది. పాతదే మంచిగుండె."

ఒకే ఫొటో. ఒకరికి నవ్వు, ఒకరికి కోపం. ఎల్లమ్మ చూసింది నోరు, నర్సప్ప చూసింది కళ్ళు. మరి నేను... నా కన్ను ఎప్పుడూ ఆ జారుడు కప్పు దగ్గరే ఆగుతోంది. ఎందుకో తెలియడం లేదు.

జూలై 19

కాలవకి నీళ్ళొచ్చాయి. ఈయన ఇంటికి అన్నానికి మాత్రమే వస్తున్నారు. అప్పుడు కూడా కారు ఏ రంగు అనే చర్చే.

జూలై 30, బుధవారం

వచ్చింది. ముదురు నీలం. ఫొటోల్లో కంటే ఎదురుగా బాగుంది, ఒప్పుకుంటున్నాను. పక్కగా నిలబడి చూస్తే ఆ గీత ముందు నుంచి వెనక దాకా ఎక్కడా ఆగదు. చేత్తో నిమిరాను కూడా. పాతది పక్కనే ఉంది, కాస్త సిగ్గేసింది. దాని కాగితాలు తేలాక వచ్చి తీసుకెళ్తారట.

గుడి దగ్గర పూజ. పంతులుగారు గంధం గిన్నె పట్టుకుని ఆగిపోయారు. "బొట్టెక్కడ పెట్టమంటారు?" పాతదానికి ఈ సందేహమే రాలేదు. బానెట్ మధ్యలో ఎంచక్కా నుదురుండేది. దీనికి బానెట్ కిందికి వంగి జాలీలో కలిసిపోయింది. నుదురెక్కడ? ఈయన బానెట్ అంచు అన్నారు. చుట్టూ చేరినవాళ్ళలో ఒకరు కాదు, ముందద్దం పైన అన్నారు. అక్కడ నల్లగా ఒక కన్నులాంటిది ఉంది మరి. ఇంకొకరు జాలీ మధ్యలో మెరిసే గుండ్రటి గుర్తే నుదురన్నారు. పంతులుగారికి అది నచ్చింది. గుర్తు నిండా గంధం, దాని మీద కుంకుమ. అద్దం పైన ఇంకో బొట్టు, ఏదీ తప్పిపోకుండా.

నిమ్మకాయలు తొక్కించారు. దారంతా ఈయన మీసం కింద నవ్వు ఆగలేదు.

జూలై 31, గురువారం

పోతనాళకి కొత్త కారులో. ఈయనే నడుపుతానన్నారు, నేను వెనక అత్తయ్యతో.

అత్తయ్య పొడుగు మనిషి. ఎప్పట్లాగే ముందు తల లోపలికి పెట్టబోయింది, కప్పు తగిలింది. "ఏం కాలేదులే" అంది. రెండోసారీ తగిలింది. మోకాళ్ళు వంగవు, నడుము వంగదు, ఆ కప్పేమో దిగే ఉంది. ఈయన వచ్చి తల మీద చెయ్యి పెట్టి వంచి, నెమ్మదిగా లోపలికి తోశారు. తల రుద్దుకుంటూ కూర్చుంది. ఇన్నాళ్ళూ నా కన్ను అక్కడే ఎందుకు ఆగిందో అప్పుడు తెలిసింది.

బాళగనూరు దాటగానే కారు గంట కొట్టింది. తెర మీద పసుప్పచ్చ అక్షరాలు, ముందు దారి కనబడటం లేదని. ఈయన పక్కకి ఆపి షోరూంకి ఫోన్ చేశారు. అవతలాయన నవ్వు ఆపుకుంటున్నట్టు నాకే వినిపించింది. "బొట్టు పెట్టారా సార్? దారి చూసే యంత్రం ఆ గుర్తు వెనకే ఉంటుంది. పైన ఉన్నది కెమెరా. తుడిచేయండి, అంతే."

అంతే అట. ఈయన రుమాలు పట్టుకుని కారు ముందు నిలబడిపోయారు. నేనూ దిగాను. నా చెయ్యీ రాలేదు. పెట్టి ఒక రోజు కాలేదు, బొట్టు ఎలా చెరుపుతాం...

"నన్ను దింపండి" అంది అత్తయ్య లోపలి నుంచి. దిగింది, మళ్ళీ తల తగిలించుకుని. సీసాలో నీళ్ళతో కొంగు తడిపి కిందది తుడిచింది, చెయ్యి చాచి పైది కూడా తుడిచింది. "నేను తుడిస్తే ఏం కాదు. నాకేముంది." మామూలుగానే అంది. ఈయన కాలవ వైపు తిరిగిపోయారు. నాకు కోపమొచ్చింది, ఎవరి మీదో తెలియలేదు.

"ఇంటికెళ్ళాక నుదుటి మీద మళ్ళీ పెడదాం అత్తయ్యా" అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"ముందు నుదురెక్కడుందో కనుక్కోండి" అంది. అప్పుడు ముగ్గురం నవ్వాం.

ఆగస్టు 2

బొట్టు ఇప్పుడు బానెట్ మీద ఓ పక్కగా ఉంది. గంట కొట్టడం లేదు.

ఆగస్టు 5

"ఈ గురువారం వద్దులే అమ్మాయ్, మోకాళ్ళు లాగుతున్నాయి" — అత్తయ్య. నిన్నటి దాకా లాగలేదు.

ఈయనతో అన్నాను, పాతది ఉంచేద్దామండీ అని. "మాటిచ్చేశాం. శనివారం వస్తారు." అత్తయ్య ఎక్కలేకపోతోందన్నాను. "అలవాటవుతుందిలే." ఎవరికి? కప్పుకా? పైకి అనలేదు, ఇక్కడ రాసుకుంటున్నాను. ఈయన చెడ్డవారు కాదు. వెనక సీట్లో ఎప్పుడూ కూర్చోలేదు, అంతే.

ఆగస్టు 6

ఇవాళ ఒక పని చేశాను. ఈయన పొలం వెళ్ళగానే కారులో అన్ని సీట్లలోకీ ఎక్కి దిగాను, వెన్ను బిగబట్టి, మోకాళ్ళు వంచకుండా, అత్తయ్యలాగా. ఎల్లమ్మ చూసి ఏమనుకుందో.

ముందు సీటు దగ్గర కప్పు దిగలేదు. ఎత్తుగానే ఉంది, పాతదానంత. జారుడంతా వెనకవాళ్ళకే పెట్టారు. గీసినవాళ్ళు వెనక ఎవరు కూర్చుంటారనుకున్నారో...

పరుగున వెళ్ళి చెప్పాను. అత్తయ్య చిక్కుడుకాయలు తుంచుతోంది. తల ఎత్తలేదు. "ముందు కూర్చోవడమేంటి అమ్మాయ్. అది మీ మామయ్య కూర్చునే చోటు."

"ఈ కారులో కాదు కదా అత్తయ్యా."

"ఏ కారైతేనేం."

నిజమే, కాలవ కింద మనవాళ్ళు వచ్చి కట్టుకున్న ఈ క్యాంపులో పెళ్ళికెళ్ళినా గుడికెళ్ళినా ఆడవాళ్ళు వెనకే. నేను నడిపేటప్పుడు కూడా అత్తయ్య వెనకే కూర్చునేది, నా పక్క సీటు ఖాళీగా ఉండేది. ఇన్నేళ్ళూ పోతనాళ దాకా అలాగే వెళ్ళొచ్చాం. ఒక్కసారి కూడా నాకు వింతగా అనిపించలేదు. ఇప్పుడు అదే వింతగా ఉంది.

ఆగస్టు 7, గురువారం

వెళ్ళలేదు. పదింటికల్లా పెద్దమ్మ ఫోన్. "ఏమ్మా, చెల్లాయి రాలేదే? ఒంట్లో బాలేదా?" మోకాళ్ళ నొప్పులన్నాను. ఫోన్ అత్తయ్యకిచ్చాను. "నాట్లు కదే, వీళ్ళకి తీరిక లేదు" అంది ఆవిడ. చెరో అబద్ధం చెప్పాం, ఒకదానితో ఒకటి కలవలేదు.

పెద్దమ్మ అవతల ఏదో చెప్తూనే ఉంది. అత్తయ్య ఊఁ కొడుతోంది. ఫోన్లో పెద్దమ్మకి సరిగ్గా వినబడదు, సగం మాటలకి మళ్ళీ చెప్పాలి. కాసేపటికి "సరేలే, ఉంటా" అని పెట్టేసి, కుర్చీ వీధి వైపు తిప్పుకుని కూర్చుంది. నాకు ఏడుపొచ్చింది, వంటింట్లోకి వెళ్ళిపోయాను.

ఆగస్టు 9, శనివారం

పాతదాన్ని తీసుకెళ్ళారు. డ్యాష్‌బోర్డు అరలో నొప్పి మాత్రల డబ్బా, అత్తయ్య విసనకర్ర తీసి ఉంచాను. వచ్చినాయన ఒక్క మలుపులో బయటికి తీసేశాడు. దాని వెనక దీపాలు రోడ్డెక్కేదాకా చూశాను. ఈయన కూడా చూశారు. "బాగా పనిచేసింది" అన్నారు.

ఆగస్టు 11

నేనే నడిపి సింధనూరు వెళ్ళొచ్చాను, ఎరువుల కోసం. నడపడం హాయిగా ఉంది, అబద్ధమెందుకు. ఎర్రలైటు దగ్గర పక్కన ఆగిన ఆటో ఆయన కారు ముఖం చూసి, తర్వాత నా ముఖం చూసి, తల ఊపాడు. ఏది నచ్చిందో తెలియలేదు. పక్క సీట్లో నా చేతిసంచీ ఒక్కటే.

ఆగస్టు 13, బుధవారం

మధ్యాహ్నం భోజనాలయ్యాక పంపు దగ్గర కారు కడుగుతున్నాను. కర్ర చప్పుడు. అత్తయ్య. చుట్టూ ఒకసారి తిరిగింది, వెనక తలుపు దగ్గర ఆగలేదు. ముందు తలుపు దగ్గర ఆగి, "దీనికి పిడి ఏది?" అంది. లోపలికి ఒదిగి ఉంటుంది, నొక్కితే బయటికొస్తుంది. చూపించాను. తనే నొక్కింది, తనే తెరిచింది.

కూర్చోలేదు. సీటు మీద అరచెయ్యి పెట్టి నొక్కి చూసింది. నేను కూర్చోమనలేదు. అంటే లోపలికెళ్ళిపోతుందని భయం. గొట్టంలోంచి నీళ్ళు నా కాళ్ళ మీద పడుతున్నా కట్టలేదు.

"పొద్దున పూట పోతనాళ వెళ్ళేప్పుడు, ముందు కూర్చున్నవాళ్ళకి ఎండ మొహాన కొడుతుందా?"

"కొడుతుంది అత్తయ్యా. తూర్పుకే కదా వెళ్ళేది."

తలుపు వేసింది. గట్టిగా పడలేదు, మళ్ళీ తెరిచి వేసింది. "మీ మామయ్య చలవ కళ్ళద్దాలు ఏ పెట్టెలో పెట్టానో" అనుకుంటూ, కర్ర ఆనించుకుని లోపలికి వెళ్ళింది. గదిలో ట్రంకుపెట్టె జరిపిన చప్పుడు వినబడుతోంది. వెళ్ళి సాయం చేయాలో, ఇక్కడే ఉండిపోవాలో తెలియడం లేదు.