అణిచిన కుట్టు

అక్టోబర్ 28
మూడో టెస్టుకి పోయే క్రికెట్ బంతుల పెట్టె నా కుట్టుబల్ల మీద నుంచే వెళ్తుందని మేస్త్రీ చెప్పాడు. ఆ మ్యాచ్‌లో మా అబ్బాయి ఆడతాడు. మొదటి రెండు టెస్టుల్లో నాలుగే వికెట్లు. ఈసారి తియ్యకపోతే ఇక పిలవరు. వాడికి స్పీడు లేదు. ఎత్తుగా ఉన్న కుట్టు నేలకి తగిలి బంతి పక్కకి తిరిగితేనే వాడికి వికెట్టు.

తోలు కోసే కత్తెరగాడు అందరి ముందూ అన్నాడు, ఏం పెద్దాయనా, కొడుకు కోసం కుట్టు కాస్త ఎత్తు పెట్టావా అని. అందరూ పకపకా నవ్వారు. ముప్పై ఎనిమిదేళ్లుగా కుడుతున్నా. ఒక్క బంతీ వెనక్కి రాలేదు. నన్నా అనేది!

అక్టోబర్ 29, పొద్దున 6
అందరికన్నా ముందొచ్చాను. ఒక్క విడత కొట్టాల్సిన బంతుల్ని చెక్కసుత్తితో ఇంకో రెండు విడతలు కొట్టాను. పెట్టెలో ఉన్న పన్నెండూ. కుట్టు అణిగింది. తనిఖీలో పాసయ్యాయి. ఇప్పుడు అనమను ఆ కత్తెరగాణ్ణి.

నవంబర్ 8
కార్ఖానాలో టీవీ పెట్టారు. మావాడు ఇరవై రెండు ఓవర్లు వేశాడు. బంతి గీత గీసినట్టు తిన్నగా పోతోంది. అవతలి వాళ్లకీ నా బంతులే. వాళ్లకి స్పీడుంది, వికెట్లు తీశారు. కత్తెరగాడు నోరెత్తలేదు. పైగా టీ తెచ్చిచ్చాడు. తాగలేకపోయాను.

నవంబర్ 11
మొత్తం నలభై ఓవర్లు. సున్నా.

నవంబర్ 30
టీమ్ లిస్టులో పేరు లేదు. కంచం ముందు కూచుని వాడన్నాడు, బంతికేం నాన్నా, నువ్వు కుట్టిందే కదా, నా మణికట్టే చెడింది అని.
నువ్వు కుట్టిందే కదా, అన్నాడు.
చెబుదామని నోరు తెరిచాను. ఉప్పు అందుకోమన్నాను.

ఫిబ్రవరి 16
కోచ్ మాట విని మావాడు చెయ్యి తిప్పే తీరు మార్చాడు. అరిగిపోయిన పాత బంతులు పట్టుకుని రోజంతా గోడకేసి వేస్తున్నాడు. కోడలు వచ్చి, మామయ్యా, ఆయన భుజం పట్టుకుని మూలుగుతున్నారు, మీరైనా ఆపండి అంది. వెళ్లాను. పక్కన నిలబడ్డాను. బంతి నేను చెడగొట్టానురా అంటే అయిపోయేది. తువ్వాలిచ్చి వచ్చేశాను. మొండి వెధవని.

ఏప్రిల్ 3
భుజంలో నరం తెగిందట. ఇక బౌలింగ్ వద్దన్నాడు డాక్టర్. మూడు టెస్టులు, నాలుగు వికెట్లు, అంతే. పేపర్లో రెండు లైన్లు వేశారు. వాడు కత్తిరించి గూట్లో పెట్టుకున్నాడు.

ఏప్రిల్ 19
నోటితో చెప్పడం నా వల్ల కాదు. నా చేతులకి వచ్చింది ఒకటే పని. ఇవాళ ఒక బంతి కుట్టాను. ఎలా కుట్టాలో అలా. సుత్తితో ఒక్క విడతే కొట్టాను.

ఏప్రిల్ 20
వాడి చేతిలో పెట్టాను. నొప్పితోనే ఒక్కటి వేశాడు. మెల్లగా, మునుపటిలా మణికట్టు తిప్పి. నేలకి తగిలి పక్కకి తిరిగింది.
బంతి గోడ దాకా దొర్లింది. వాడు తన మణికట్టు చూసుకున్నాడు, ఇప్పుడు నన్నే చూస్తున్నాడు.