తేటనీళ్లు

పాలమూరు

సైదమ్మక్కకు తమ్ముడి దండాలు.

కబేళా నుంచి మీ వాగులోకి వచ్చే నెత్తుటి నీళ్లను ఇప్పుడు గుంతలో ఆపి, పటిక, సున్నం కలపమని హుకుం వచ్చింది. ఆ పని నాదే. అవ్వ కుండలో చిల్లగింజ అరగదీసి బురదనీళ్లు తేర్చేది చూడు, అట్లాగే. గడకర్రతో మెల్లగా తిప్పుతుంటే ఎరుపంతా మబ్బులా ముద్దకట్టి అడుక్కు దిగుతుంది. పైన ఆకాశం తేలుతుంది, అందులో కొంగలు పోతుంటాయి. నిన్న కలలో ఉన్నవాడిలా దోసిలి ముంచాను.

"తాగుతవారా? తేటగైతే మంచిగైనట్టా?" అని జమేదారు చెయ్యి లాగేశాడు.

అక్కా, వాగు ఎర్రబడ్డాక నువ్వు దూరపు చెలిమెకు నడుస్తున్నావు. రేపటి నుంచి వాగు తేటగా వస్తుంది. అయినా చెలిమెకే పో. చూస్తే నీకూ బిందె ముంచాలనిపిస్తుంది. అంత బాగా తేరుస్తున్నాను.