నీ ఫోన్‌లో కొట్టుకుంటున్న గుండె

సిరిసిల్ల

కోమలకు,

నిన్న నువ్వు కువైట్ నుంచి ఫోన్ చేసి, "వదినే, అన్న గుండె కొట్టుకుంటున్నట్టు నా ఫోన్ల చూపిస్తుంది, గిదేంది?" అని ఏడిస్తే తర్వాత చెప్తానని పెట్టేశాను. అవ్వ పక్కనే ఉంది. అందుకే రాస్తున్నాను.

కిందటేడు మీ అన్నకు ఛాతీనొప్పి వచ్చినప్పుడు నువ్వు పంపిన, గుండె వేగాన్ని నీ ఫోన్‌కు చూపించే ఆ చేతి గడియారాన్ని ఆయన విప్పింది లేదు. సాంచాల, ఆ మరమగ్గాల అదురుకు పాడవుతుంది, పనిలో తీసెయ్యమంటే, "చెల్లె చూస్తుంటదే" అనేవారు. మళ్లీ నొప్పి వచ్చిన ఆ రోజు అది మోగింది కూడా. వెంటనే సాంచాలు ఆపి బయలుదేరారు. కరీంనగర్ దవాఖానకు చేరేలోపే అంతా అయిపోయింది. నర్సమ్మ దాన్ని విప్పి నా చేతిలో పెడితే తెచ్చి గూట్లో పెట్టాను.

దినాలయిన తెల్లారి అది అవ్వ చేతికి కనిపించింది. తీయబోతే చెయ్యి వెనక్కి లాక్కుంది. "కొడుకు పోయిండు. బిడ్డ ఆఖరి సూపుకు సుత రాలేకపాయె. నేనన్న బతికున్ననని దానికి తెల్వాలె గదా" అన్నది.

నీకు కనిపిస్తున్నది అవ్వ గుండె, కోమలా. దాన్ని నీ ఫోన్‌లోంచి తీసెయ్యకు. ఛార్జింగ్ నేను పెడుతుంటాను.

ఒక్క మాట. సాయంత్రం పూట గుండె వేగం పెరిగితే భయపడకు. అది మీ అన్న డ్యూటీ దిగే వేళ. సాంచాల చప్పుడు ఆగగానే అవ్వ వాకిట్లోకి పోయి నిలబడుతుంది. ఎంత పిలిచినా లోపలికి రాదు.

నీ వదినె