ఐదు కప్పుల ఫిరంగి

అల్ ఖౌద్, శుక్రవారం

వంటగదిలో తమ్ముడితో ఫోన్‌లో అరిచి మాట్లాడుతుంటే, నేను పనిచేసే ఈ అరబ్బుల ఇంటి పెద్దాయన, బాబా, గుమ్మంలో నిలబడ్డారు. కాలింగ్ బెల్లే వినపడని మనిషి. ఉబ్బిన నా మెడ నరాలు చూసి, ఎవరి మీద కోపమని అడిగారు. ఆయన చెవి దగ్గరికి వెళ్లి చెప్పాను. "కోపం కాదు బాబా, సిగ్నల్ లేదు. తమ్ముడికి అమెరాత్ సైట్‌లో బండలు పగలగొట్టే మిషన్ మీద డ్యూటీ."

బాబా ఐదు కాఫీ కప్పులు పళ్లెంలో గుండ్రంగా పేర్చి తిప్పారు. వయసులో ఉన్నప్పుడు ఆయన యుద్ధ విమానాలకు బిగించిన ఫిరంగి అలా తిరిగేదట. ఈ కప్పుల్లాగే దానికి ఐదు గుండు గదులు; ఒక గదిలో గుండు పేలుతుంటే పక్క గదిలోకి ఇంకోటి ఎక్కేదట. పాత ఫిరంగుల్లా ఆగి ఆగి కాదు, గుడ్డ చింపినట్టు ఒకటే మోత.

"ఇంకా స్పీడ్, ఇంకా స్పీడ్ అని మురిసిపోయాం బేటీ. చెవులు పోతుంటే రేడియో ఖరాబైందనుకున్నాం," అన్నారు హిందీలో.



సాయంత్రం బాబా ఇంటి డ్రైవర్‌తో, మోత వినపడకుండా చెవులకు పెట్టుకునేవి కొనిపించారు. రేపు పొద్దున్నే సైట్‌కి పంపిస్తారట. పనిమనిషి తమ్ముడి చెవుల గురించి ఎవరు ఇంత ఆలోచిస్తారు? దండం పెట్టాను. ఆయన చల్లగా ఉండాలి.

ఇందాక తమ్ముడికి ఫోన్ చేసి, అవి పెట్టుకోకుండా మిషన్ ఎక్కొద్దన్నాను. డాక్టరుకు చూపించుకుందామన్నాను.

"గెట్టిగా మాట్లాడుక్కా, సిగ్నల్ బాగలేదు."

ఫోన్ కళ్ల ముందుకు తెచ్చుకుని చూశాను. సిగ్నల్ గీతలన్నీ నిండుగా ఉన్నాయి.