కనిపెట్టుకుని ఉండే ఉద్యోగం

ఒరే చిన్నోడా,

అక్క దీవెనలు. ఇక్కడ నేనూ మీ బావా కులాసా. అక్కడ మీరు కులాసానా అని అడగను, ఎందుకంటే కాదని మన పై వాటా ఆవిడ ముందే రాసేసింది.

పొద్దున పదకొండింటికి వీధి వీధంతా పనుల్లో మునిగి ఉంటే, మన కిటికీలో మాత్రం ఇద్దరు మగవాళ్ళు కుర్చీలు వేసుకుని ఆకాశం కేసి చూస్తూ కూర్చుంటున్నారట. "వాళ్ళకేమైనా కనిపిస్తోందా అమ్మాయ్? కనిపిస్తే మాకూ చెప్పమను" అని అడుగుతోంది ఆవిడ. నేనేం చెప్పను?

నాన్నంటే బస్సు తోలీ తోలీ మోకాళ్ళు అరిగి, ముందే రిటైరయ్యారు. నీకేమొచ్చిందిరా? ముప్పై మూడేళ్ళవాడివి. ఊళ్ళో సగం దుకాణాల మీద నీ చేతిరాతే ఉండేది. నువ్వు రాసిన బోర్డు చూసి, కొనేదేమీ లేకపోయినా లోపలికి వెళ్ళినవాళ్ళున్నారు. ప్లాస్టిక్ బోర్డులొచ్చి నీ నోటి దగ్గర కూడు లాగేశాయి, నిజమే. అలాగని కిటికీలో కూర్చుంటే, ఆకాశం మీద బోర్డు రాసిపెట్టమని పైనుంచి కబురొస్తుందా?

ఎవరడిగినా "మా తమ్ముడు ఆలోచనలో ఉన్నాడు" అంటున్నాను. ఏడాదిగా ఒకటే ఆలోచన అంటే వినేవాళ్ళు మాత్రం ఎన్నాళ్ళు నమ్ముతారు? నాన్న పనిచేసిన డిపోలోనే బస్సుల మీద నంబర్లూ పేర్లూ రాయడానికి మనిషి కావాలట. సోమవారం వెళ్ళి కనబడు. నేనే వచ్చి చెవి పట్టుకుని తీసుకెళ్ళేదాన్ని గానీ, మా కళ్ళద్దాల కంపెనీలో ఊపిరి సలపని పని. సెలవు దొరకదు.

మీ అక్క

తా.క. ఫోన్ చేస్తే "ఊఁ" తప్ప రెండో మాట అనవు. అందుకే ఉత్తరం. ఉత్తరంలో "ఊఁ" అనలేవుగా.

*

అక్కకి,

తమ్ముడి నమస్కారాలు. ఊఁ.

ఫోన్‌లో ఎందుకు మాట్లాడనంటే, ఫోన్ ఉన్నది నాన్న కుర్చీ పక్కన. నేను చెప్పాల్సిందేమో నాన్న గురించి. ఇక ఏం మాట్లాడను చెప్పు?

డిపోకి వెళ్ళలేదు. కోప్పడకుండా చివరిదాకా చదువు. నాన్నకి మోకాళ్ళ నొప్పులేమీ లేవక్కా. నేను చూడటం లేదనుకుని మొన్న మెట్లు రెండేసి ఎక్కారు. అసలు నొప్పి ఇంకెక్కడో ఉంది. అమ్మ పోయిన దగ్గర్నుంచీ ఆయన ఈ లోకంలో లేరు. నేను కిటికీ దగ్గర కూర్చుంటే చాలు, తన కుర్చీ ఈడ్చుకుంటూ వచ్చి పక్కన వేసుకుంటారు. ఇక మాటా పలుకూ ఉండదు. మబ్బులు అలా ఒక చివర నుంచి ఇంకో చివరకి వెళుతుంటే ఆయన తల కూడా మెల్లగా అటే తిరుగుతుంది.

మొన్న ఉన్నట్టుండి "అదిగోరా, ఏడో నంబరు వస్తోంది" అన్నారు. వీధిలోకి తొంగిచూశాను. ఈగ కూడా లేదు. ఆయన వేలు చూస్తే మబ్బుల వైపు ఉంది. జ్వరమేమోనని నుదురు పట్టుకు చూశాను. చల్లగానే ఉంది. జ్వరమైనా బాగుండేది.

ఇలాంటి మనిషిని ఒక్కణ్ణీ వదిలి నంబర్లు రాసుకోవడానికి ఎలా వెళ్ళను? పని దొరక్క కాదు నేను కూర్చున్నది. నాన్నని కనిపెట్టుకుని ఉండాలి. ఈ సంగతి తెలిస్తే ఆయన చిన్నబుచ్చుకుంటారు. చెప్పనని ఒట్టెయ్యి.

నీ తమ్ముడు

తా.క. నిజం చెప్పొద్దూ, ఆ మబ్బు అచ్చం బస్సులాగే ఉంది. వెనక తలుపు దగ్గర కండక్టరు కూడా వేలాడుతున్నాడు.

*

చిరంజీవి అమ్మడికి,

నాన్న ఆశీస్సులు. నా చేతిరాత చూసి కంగారు పడకు, ఇల్లు నిలబడే ఉంది. వాడు స్నానానికి వెళ్ళాడు. నీళ్ళ చప్పుడు ఆగేలోగా నాలుగు ముక్కలు రాస్తాను.

నువ్వు వాడికేదో ఉత్తరం రాశావు. ఏం రాశావో అడగను గానీ, కాస్త మెత్తగా రాస్తూ ఉండమ్మా. నా మోకాళ్ళ సంగతి అబద్ధం. డిపోలో అందరికీ చెప్పీ చెప్పీ చివరికి నా మోకాళ్ళు కూడా నమ్మడం మొదలుపెట్టాయి. నేను మానేసింది వాడి కోసం. ఒకరోజు మధ్యాహ్నం బస్సు మన వీధి మలుపు తిప్పుతూ చూశాను, వాడు కిటికీలో ఉన్నాడు. దీపాలు పెట్టే వేళ మళ్ళీ అటే వచ్చాను. అదే కిటికీ, అదే కూర్చోవడం. చెయ్యి ఊపాను. చూడలేదు. బస్సెడు జనాన్ని రోజూ ఇళ్ళకి చేరుస్తున్నాను, ఇంట్లోనే ఉన్న నా కొడుకుని ఇంటికి చేర్చేదెవరు అనిపించింది. మర్నాడే కాగితం రాసిచ్చేశాను.

వాడికి అమ్మ పోయింది, చేతిలో పనీ పోయింది, రెండూ ఒక్కసారే. అందుకని పక్కన కూర్చుంటాను. కబుర్లు చెబుదామంటే నాకు బస్సు స్టాపులు తప్ప ఏం తెలుసు? చిన్నప్పుడు నవ్వేవాడు కదా అని మబ్బు చూపించి "ఏడో నంబరు వస్తోంది" అన్నాను. నవ్వకపోగా నా నుదురు పట్టుకుని చూశాడమ్మా! పాపం, వాడి స్థితి అంతదాకా వచ్చింది. వాణ్ణి ఒంటరిగా వదలలేను. వాడికి మాత్రం ఈ మాట చెప్పకు. ఒట్టు.

నీళ్ళ చప్పుడు ఆగింది.

నాన్న

తా.క. ఆ మబ్బుకి కండక్టరు లేడు. వాడు ఉన్నాడంటాడు. చూశావా మరి?

*

నాన్నకీ, చిన్నోడికీ,

ఇద్దరికీ కలిపి ఒకటే ఉత్తరం. ఒకరు చదువుతుంటే ఇంకొకరు స్నానానికి వెళ్ళొద్దు.

నేను ఒట్లలో ఇరుక్కుపోయాను. ఎవరికి ఏది చెప్పినా నా తల పగులుతుంది. కాబట్టి ఒకే ఒక్క మాట రాస్తున్నాను, బాగా ఆలోచించి అర్థం చేసుకోండి. మీరు అనుకుంటున్నట్టు ఏమీ లేదు. మీలో ఒకరు నిక్షేపంలా ఉన్నారు. ఆ మాట నాకు గట్టిగా తెలుసు. తెలివైనవాళ్ళకి ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

మా ఆయనకి తెలిసిన డాక్టరొకాయన మన ఊరొస్తున్నారు. ఊరికే చుట్టపుచూపుగా మన ఇంటికి వస్తారు. టీ ఇచ్చి మర్యాద చెయ్యండి.

మీ ఇద్దరి మనిషి

తా.క. ఇది రాసి మా ఆయనకి చూపించాను. "బాగుంది, నాకు తప్ప అందరికీ అర్థమవుతుంది" అన్నారు.

*

అక్కకి,

నమస్కారాలు. నీ ఉత్తరం నాకు వెంటనే అర్థమైంది. ఆ నిక్షేపంలా ఉన్నది నేను. అంటే నాన్న సంగతి నువ్వూ ఒప్పుకున్నట్టే. విచిత్రమేమిటంటే, అది చదివి నాన్న కూడా నావైపు జాలిగా చూసి తలూపారు. ఆయనకి ఏమర్థమైందో ఆయనకే తెలియాలి.

డాక్టరుగారు వచ్చారు. మంచి మనిషి. టీ పెట్టే వంకతో ఆయన్ని వంటింట్లోకి పిలిచి నాన్న సంగతంతా చెప్పాను. తరవాత పెరట్లో మొక్కలు చూపిస్తానని నాన్న ఆయన్ని వెనక్కి తీసుకెళ్ళారు. మన పెరట్లో మొక్కలేమున్నాయి? పాపం, అదీ గుర్తులేదు ఆయనకి.

తిరిగొచ్చాక డాక్టరుగారు మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు. ఇద్దరికీ చెరో సీసా బలం మందు రాశారు. నాన్న సిగ్గుపడకూడదని నాక్కూడా రాసినట్టున్నారు. ఆ తరవాత "ఏమిటి రోజూ చూస్తారు మీరు?" అంటూ మా మధ్య స్టూలు వేసుకుని కూర్చున్నారు. ఆ రోజు మబ్బులు పలచగా, ఎవరో తెల్లరంగు బ్రష్షు కడిగిన నీళ్ళలా పోతున్నాయి. కాసేపని కూర్చున్నవారు వీధి దీపాలు వెలిగేదాకా లేవలేదు. వెళ్ళేటప్పుడు "మళ్ళీ ఎప్పుడు రమ్మంటారు?" అని అడిగారు. డాక్టర్లు ఆ మాట అడగగా నేనెప్పుడూ వినలేదు.

నా మందు నాకెందుకని, నాన్నకి తెలియకుండా ఆయన టీలో పోసేస్తున్నాను.

నీ తమ్ముడు

తా.క. ఈమధ్య నాన్న కూడా నాకు టీ పెట్టిస్తున్నారు. ఎందుకో వగరుగా ఉంటోంది.

*

నాన్నకి,

నమస్కారాలు. మీరన్నదే నిజం. వాణ్ణి ఒక్కణ్ణే వదలకూడదు. అందుకని డిపో మేనేజరుతో మాట్లాడాను. వాడికి నంబర్లు రాసే పని ఇస్తారు. కొత్త డ్రైవర్లకి దారులు, మలుపులు నేర్పడానికి అనుభవం ఉన్న మనిషి కూడా కావాలట. ఆ వంకన మీరూ వెళ్ళి వాడి మీద ఒక కన్నేసి ఉంచండి. మీరొస్తున్నది వాడి కోసమని వాడికి తెలియనివ్వకండి.

మీ అమ్మడు

తా.క. టీలో ఏమీ కలపకండి.

*

ఒరే చిన్నోడా,

నువ్వన్నదే నిజం. నాన్నని ఒక్కర్నే వదలకూడదు. అందుకని డిపో మేనేజరుతో మాట్లాడాను. కొత్త డ్రైవర్లకి నేర్పడానికి నాన్నని రమ్మంటున్నారు. నంబర్లు రాసే పని ఇంకా ఖాళీగానే ఉంది. ఆ వంకన నువ్వూ వెళ్ళి ఆయన మీద ఒక కన్నేసి ఉంచు. నువ్వొస్తున్నది ఆయన కోసమని ఆయనకి తెలియనివ్వకు.

అక్క

తా.క. టీలో నువ్వూ ఏమీ కలపకు.

*

అక్కకి,

నమస్కారాలు. ఇద్దరం పనిలో చేరాం.

మొదటిరోజు ఒక చిక్కొచ్చింది. తయారై గుమ్మంలోకి వచ్చాక ఇద్దరం ఆగిపోయాం. మన ఇంటికి తాళం లేదక్కా. ఎప్పుడైనా వేస్తే కదా! ఎవరెప్పుడు వచ్చినా అమ్మ లోపలే ఉండేది. అమ్మ పోయాక మా ఇద్దరిలో ఎవరో ఒకరం ఉంటూనే ఉన్నాం. గూట్లో, డబ్బాల్లో, మంచం కింద వెతికాం. దొరకలేదు. నాన్న తలుపు పట్టుకుని నిలబడి "సాయంత్రం వచ్చేసరికి లోపల ఎవరూ ఉండరన్నమాట" అన్నారు. "మనం వస్తాంగా నాన్నా" అన్నాను. పై వాటా ఆవిడ ఒక తాళం కప్ప కిందకి విసిరింది. నాన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తుంటే నేను తీసుకుని వేశాను. వేశాక ఇద్దరం చెరోసారి లాగి చూశాం.

షెడ్డులో మొదటి బస్సు ముందు కుంచె పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. రాదనుకున్నాను. గీత మొదలుపెట్టాక చెయ్యే లాక్కుపోయింది. నాన్న మాత్రం కుదురుగా ఉండటం లేదు. పాఠం మధ్యలో వదిలేసి వచ్చి షెడ్డు గుమ్మంలోంచి నన్ను తొంగిచూస్తున్నారు. నేను కనబడకపోతే బెంగ కాబోలు. అందుకని నేనే మధ్యమధ్య వెళ్ళి కనబడి వస్తున్నాను. నన్ను చూడగానే ఆయన ముఖం విప్పారుతోంది.

సాయంత్రం తాళం తీశాం. ఇల్లు ఎక్కడికీ పోలేదు. పొద్దున్న తాగిన టీ గ్లాసులు అలాగే ఉన్నాయి. ఇద్దరం కాసేపు చీకట్లోనే నిలబడ్డాం. తరవాత నాన్నే లైటు వేశారు.

నీ తమ్ముడు

తా.క. కొత్త డ్రైవర్లు నాన్నని "గురువుగారూ" అంటున్నారు. ఆయనకి ఒంట్లో బాగాలేదని వాళ్ళకి తెలియదు. నేనూ చెప్పలేదు.

*

మామయ్యగారికి,

అల్లుడి నమస్కారాలు. మీ అమ్మాయి ఇంట్లో లేని వేళ చూసి ఇది రాస్తున్నాను. ఆవిడ ఇంట్లో లేకపోవడమే ఇందులో శుభవార్త. మిగతాది నిదానంగా చెబుతాను.

మీ అమ్మాయి కళ్ళద్దాల కంపెనీ మానేసి చాలాకాలమైంది. చిన్నోడికి మొదటి ఉత్తరం రాసేనాటికే తను ఇంట్లో ఉంది. అద్దాల మీద గీతలుంటే కనిపెట్టే తన పనికి యంత్రం వచ్చింది. వేరే పనిలోకి మారమన్నారు. "అమ్మ పోయాక వాళ్ళిద్దర్నీ చూసుకునేవాళ్ళు లేరు, నేను లేకపోతే ఎలా" అని మానేసింది. సరే, వెళ్ళి చూసుకోమన్నాను. పెట్టె సర్దేది, సాయంత్రానికి విప్పేది. అత్తయ్యగారు ఎదురురాని గుమ్మంలోకి అడుగు పెట్టడానికి కాళ్ళు రావడం లేదని ఒకరోజు చెప్పి ఏడ్చింది. సెలవు దొరకదన్నది అందుకే. పొద్దున్నే మీకు ఉత్తరం మొదలుపెట్టేది, మధ్యాహ్నం పోస్టు చేసేది, ఆపైన జవాబు కోసం వీధి చివరకేసి చూస్తూ కూర్చునేది.

మీరు డిపోలో చేరారన్న ఉత్తరం చదివి ఎగిరి గంతేసింది. మర్నాటి నుంచి మరీ దిగాలు పడిపోయింది. కనిపెట్టుకోవడానికి ఇక ఎవరూ లేరు కదా. అలాంటి మనిషిని వదిలి ఆఫీసుకి ఎలా వెళ్ళను? నడుం పట్టేసిందని అబద్ధమాడి, సెలవు పెట్టి నేనూ ఇంట్లో కూర్చున్నాను.

రెండు మూడు రోజులు నన్ను అదేపనిగా చూసింది. "మీకు ఒంట్లో బాగాలేదు. ఇద్దరం ఇలా కూర్చుంటే ఇల్లెలా గడుస్తుంది?" అని చెప్పులేసుకుని బయల్దేరింది. మా వీధి చివర కళ్ళద్దాల దుకాణంలో చేరింది. వచ్చినవాళ్ళ చేత గోడ మీది అక్షరాలు చదివిస్తోంది. ఎవరు ఏ అక్షరాన్ని ఏమని చదివారో సాయంత్రం చెప్పి చెప్పి నవ్వుతోంది. ఆ నవ్వు వినక ఏడాది దాటింది మామయ్యగారూ. మీ దగ్గరికి రావడానికి వచ్చే నెల సెలవు అడిగింది. ఇచ్చారు. ఈసారి పెట్టె సర్ది, విప్పలేదు.

ఇక నా గోడు. నా నడుం భేషుగ్గా ఉంది. చెబితే నమ్మదు. "మా ఇంటి మగవాళ్ళు ఎప్పుడు బాగాలేదన్నారు గనక" అంటుంది. లేస్తే కూర్చోబెడుతుంది. ఆఫీసు పేరెత్తితే దిండు సర్దుతుంది. మా మేనేజరు రోజూ ఫోన్ చేస్తున్నాడు. ఏం చెబితే వదులుతుందో, అనుభవజ్ఞులు మీరే రాయాలి. ఆవిడకి మాత్రం తెలియనివ్వకండి.

పూర్తి ఆరోగ్యంతో,
మీ అల్లుడు

తా.క. తొందరేమీ లేదు. నేను ఆఫీసులో ఉండే వేళ మా ఇంట్లోకి ఇంత వెలుతురు వస్తుందని, పెళ్ళయి ఇన్నేళ్ళయినా నాకు తెలియదు. భోజనాల వేళకి నేల మీద ఉంటుంది. మెల్లగా మంచమెక్కి, గోడెక్కి, మీ అమ్మాయి వచ్చేసరికి తలుపు గొళ్ళెం మీద చిన్న చుక్కై నిలబడుతుంది. మీరు జవాబు తీరిగ్గానే రాయండి.