గోటి కింద పచ్చ

మార్చి 3, మంగళవారం
పెనుకొండ కొండ మీద తాళ్ళు కట్టిన మా ప్లాటులో చెట్ల లెక్క అయిపోయింది. అడవి సర్వే శిక్షణలో ఇదే ఆఖరిది. చచ్చిన చెట్లు పదమూడని మాకు నేర్పే సార్ కాగితం. నా కాగితంలో రెండు.

రెండే.

మార్చి 4
సార్ పిలిచారు. కోపం లేదు, నవ్వుతూనే... ఒక్క ఆకు లేని చెట్టు బతికుందని ఎలా రాస్తారమ్మా, పదమూడు చేసి సంతకం పెట్టండి అన్నారు.

చిరుమాను ఈ నెలల్లో ఆకు ఉంచుకోదు సార్, బెరడు గోటితో గీరితే లోపల పచ్చగా ఉంది, తేడా వచ్చిన పదకొండూ చూశాను అన్నాను. నా గొంతు ఆయన దాకా పోయిందో లేదో.

ఈ కొండ మీద ఆయనకిది మొదటి ఎండాకాలం. నేను పదేళ్ళప్పుడే అవ్వ వెంట కట్టెలకు పోయినదాన్ని. పచ్చికొమ్మ మీద కత్తి పెడితే చేతి మీద ఒక్కటేసేది. "గీరి చూడు ముందు."

మార్చి 5
బస్సులో ముంతాజ్. హిందూపురం నుంచి వస్తుంది, నా బ్యాచే. ఒకటే నవ్వు. "ఏం మేరక్కా, నోట్లో మాట బయటికి రాదు గానీ సార్‌కే ఎదురు చెప్తాండావంటనే."

ధర్మవరంలో కొత్తగా చేరే ఆడవాళ్ళకు ఈ పని నేర్పడానికి నన్నే పంపుతామని సార్ ముందే అన్నారు. ఇప్పుడేమో సంతకం పెడితేనే నా పేరు పైకి పంపుతారట.

"పెట్టేయక్కా. చెట్లొచ్చి అడుగుతాయా?"

అడగవు. అదే కదా నా బాధ.

మార్చి 6
ఉపవాసం. మోకాలు నొప్పి.

మార్చి 8, ఆదివారం
నీది పదో తరగతి, మీ సార్‌ది డాక్టరేటు, ఎవరి మాట నిలుస్తాదని మా ఆయన. చర్చి నుంచి నడిచొస్తున్నాం.

అబద్ధ సాక్ష్యం వద్దని ఆదివారం విని, సోమవారం సంతకం పెట్టాలా? చెట్టు మీదైతే పరవాలేదని యాడ రాసుంది?

మార్చి 9
నాకే అనుమానం పట్టింది. ముంతాజ్‌ను తోడు తీసుకుని మళ్ళీ ఎక్కాను. పదకొండూ గీరాను. పది పచ్చ. ఒకటి లోపల కూడా ఎండిపోయింది — పోయినసారి తొందరలో తప్పు చూశాను. రెండు కొట్టేసి మూడు వేశాను. పక్కన తేదీ, నా పేరు.

చూసి దిద్దుకోవడం వేరు. చెప్తే దిద్దడం వేరు.

మార్చి 10
చూశారా, మీ లెక్కే మారింది అన్నారు సార్.

"మారింది సార్. చూసి మార్చాను. ఒకరి కాగితం చూసి ఇంకొకరు రాయకూడదని మొదటిరోజు బోర్డు మీద రాసింది మీరే."

ఆయనతో ఇంత పొడుగు మాట ఎప్పుడూ అనలేదు. సంతకం చోటు ఖాళీగానే ఇచ్చాను. ఆయన ఆ మూడు అంకె వైపే చూస్తూ కూర్చున్నారు.

మార్చి 11
ధర్మవరం జాబితా శుక్రవారం పోతుందట. నా పేరు లేదు.

లేకపోతే లేదు.

మార్చి 12, గురువారం
సార్ ఫోన్. రేపు పొద్దున కొండకు వస్తారట, నన్నూ రమ్మన్నారు. ఆ పది చెట్లూ చూపించండి అన్నారు. గొంతును బట్టి ఏమీ తెలియలేదు. జాబితా మాట ఆయన ఎత్తలేదు, నేనూ అడగలేదు.

ముంతాజ్‌కు చెప్తే — "ఆయన గోరుతోనే గీరించక్కా."

ప్రార్థన చేసుకున్నాను. గోళ్ళు బాగా పెరిగాయి. తీసుకోలేదు.