లెక్కలో ఒకటి తక్కువ

చెల్లాయి పొట్టికి అన్నయ్య దీవెనలు.

ఇక్కడ అందరం క్షేమం అని రాయబోయి ఆగాను. అందరం అంటే ఇప్పుడు నేనొక్కణ్ణే కదా. క్షేమమే. నేను వండింది నేనే తింటున్నాను, వంకలు పెట్టేవాళ్ళు లేరు.

నీ ఉత్తరంలో రెండు ప్రశ్నలున్నాయి. మొదటిది మీ మామగారిది. ఆ మహమ్మారికి అక్కడ మీ దేశంలో లక్షకి అంతమంది పోతే ఇక్కడ మా దేశంలో అందులో నాలుగోవంతే ఎలా పోయారని భోజనాల దగ్గర రోజూ నిలదీస్తున్నారన్నావు. మాదేదో గట్టి రక్తం అనుకుంటున్నారేమో, పాపం. అక్కడ ముసలివాళ్ళు ఎక్కువ, ఇక్కడ వయసులో ఉన్నవాళ్ళు ఎక్కువ, అది కొంత. మిగతాది మరణాల రిజిస్టరు ముందు పదహారేళ్ళుగా కూర్చున్న నన్నడగాలి. మీ దగ్గర డాక్టరు అనుమానించినా రోగం పేరు రాస్తారట. మాకు పరీక్ష కాగితం జతచేస్తేనే రాయాలి. ఆ పరీక్షకి వరస వీధి మలుపు దాటేది. నిలబడే ఓపిక లేక ఇంట్లోనే పోయినవాళ్ళందరూ నా రిజిస్టరులో ఆయాసం, వృద్ధాప్యం, గుండె ఆగడం అయ్యారు. ఏం రాయమంటారని అడిగితే, "మీకు తోచింది రాయండి బాబూ" అనేవారు ఇంటివాళ్ళు.

రెండో ప్రశ్న నీది. అమ్మ నిజంగా నిద్రలోనే పోయిందా అని. నాలుగు ఉత్తరాలుగా దాటవేస్తున్నాను.

లేదు పొట్టీ. తొమ్మిది రోజులు ఊపిరి కోసం అల్లాడింది. నిన్ను అడిగింది. అమ్మకి పరీక్ష కాగితం ఉంది, నేనే చేయించాను. అది జతచేస్తే అమ్మని సంచిలో మూసి బండిలో తీసుకుపోతారు, మొహం కూడా చూడనివ్వరు. తల దువ్వి, నువ్వు పంపిన నీలం శాలువా కప్పి పంపాలనిపించింది. కాగితం జేబులో పెట్టుకుని, గుండె ఆగిందని నా చేత్తోనే రాశాను. "చిక్కులున్నాయి, మెల్లిగా" అంటుందేమోనని ఆగి ఆగి దువ్వాను. తర్వాత నాకూ జ్వరం వచ్చింది. పలకరించే మనిషి లేకుండానే తగ్గింది.

ఆ పేజీ తిరగేసినప్పుడల్లా నా దస్తూరీ చూడలేకపోతున్నాను. ఇవాళ ఆ కాగితం జతచేసి, జరిగింది రాసి, దిద్దుబాటు అర్జీ పెట్టాను. మా పై అధికారి చదివి తల పట్టుకున్నాడు.

"ఒక్కరి కోసం ఉద్యోగం మీదికి తెచ్చుకుంటారా?" అన్నాడు.

"మా ఇంట్లో ఉన్నది ఆ ఒక్కరే సార్" అన్నాను.

మా లెక్కకి ఒకటి కలుపుకోమని మీ మామగారికి చెప్పు. కోపం వస్తే కోపంగానే రాయి. రాయడం మాత్రం మానకు.

ఇట్లు,
నీకూ అబద్ధమే రాసిన
అన్నయ్య